అమాస నాడు బాడిసె ముట్టేది లేదు

మా చిన్నప్పుడు... అమాస వచ్చిందని క్యాలెండర్ చూసి తెలుసుకునేవాళ్లం కాదు. తెల్లారి లేస్తే వాకిట్లో బాడిసె చప్పుడు ఉండేది కాదు, అంతే. మిగతా రోజుల్లో ఆ టకటకలతోనే మాకు తెల్లారేది. బాపు, అంటే మా నాన్న, వడ్రంగి. పాలకుర్తి దగ్గర మా ఊరు. నాగలి, బండి చక్రం, దర్వాజ... ఏది కావాలన్నా మా వాకిట్లోకే రావాలి.

అమాస నాడు మాత్రం బాపు పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గూట్లో పెట్టేవాడు. బాడిసె, ఉలి, రంపం, రందా... ఆ రోజు వాటిని ముట్టేది లేదు. మేం ముట్టబోయినా చెయ్యి మీద ఒకటి పడేది.

మరి రోజంతా ఏం చేసేవాడంటారా... అవ్వ, అంటే మా అమ్మ, చేసిన సర్వపిండి తిని, తువ్వాల భుజాన వేసుకొని, నన్ను వెంటబెట్టుకొని ఊళ్లోకి బయల్దేరేవాడు. తాను చేసిన తలుపులున్న ఇళ్లకు పోయి కూర్చునేవాడు. తలుపు ఒకసారి తీసి, ఒకసారి వేసి, చాయ్ తాగి వచ్చేవాడు. "సోమన్నా, తలుపు జర బిర్రుగ వడుతున్నది, గట్టిగ గుంజితేగాని వస్తలేదు" అని ఎవరైనా అంటే, "ఇయ్యాల చూసుడే. ముట్టుడు రేపు" అనేవాడు. చేసిన పనిని తీరిగ్గా చూసుకునే రోజు అది... ఇప్పుడు మనలో ఎంతమందికి ఉందో చెప్పండి.

ఒక అమాస నాడు ఊళ్లోని పెద్ద రైతు మోటార్ సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. ఆయన్ని అందరూ పటేలా అనే పిలిచేవాళ్లు. ఆయన కొత్త ఇంటి దర్వాజలు, కిటికీలు అన్నీ బాపే చేయాలని మాట అయింది. ఆ ఏడాదికి మాకు దొరికిన పెద్ద పని అదే. ముహూర్తం ముందుకు జరిగిందట... ఇప్పుడే మొదలుపెట్టమని వచ్చాడు.

"రేపు కోడి కూయకముందే మొదలువెడ్త పటేలా. ఇయ్యాల అమాస" అన్నాడు బాపు.

"ఒక్కనాడు చేస్తె ఏం పోతది సోమయ్యా? నీకు పని అక్కెర లేదా?"

బాపు అడిగాడు. "ఇయ్యాల నీ ఎడ్ల మెడ మీద కాడి పెట్టినవా పటేలా?"

"అమాస నాడు ఎవలన్న పెడ్తరా?"

"మరి నా చేతులు నీ ఎడ్లకన్న తక్కువనా?"

పటేలు మోటార్ సైకిల్ ఎక్కాడు. బండి తిప్పుకొని పోయాడు. ఆ పని జనగామలో కట్టె కోసే మిషన్ పెట్టుకున్న వాళ్లకు పోయింది.

అవ్వ పొద్దూకేదాకా తిట్టింది. "పంతం కడుపు నింపుతదా?" అని. నింపలేదు... అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ ఏడు మా ఇంట్లో అన్నం కన్నా జొన్న గటకే ఎక్కువ ఉడికింది. కానీ మళ్లీ అమాస రాగానే బాపు పనిముట్లు గూట్లో పెట్టాడు. తిడుతూనే అవ్వ సర్వపిండి చేసింది.

ఇప్పుడు నేను జనగామలో ఉంటాను. పట్నంలోని ఒక కంపెనీకి ఇంటి నుంచే ల్యాప్‌టాప్‌లో పని. చప్పుడు లేని పని కదా... ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు. పోపు వేస్తుంటే మెసేజ్, బతుకమ్మ పేరుస్తుంటే కాల్. చూసి చూసి విసుగొచ్చి, నిరుడు నేనూ అమాస పట్టాను. ఆ రోజు సెలవు. ఫోన్ బంద్ చేసి గూట్లో పెడతాను. బాపు పోయాక ఆయన బాడిసె నా దగ్గరే ఉంది, దాని పక్కనే.

ఈ మధ్య మా మేనేజర్ ఫోన్ చేసి, టీమ్ బాధ్యత నాకే ఇద్దామనుకుంటున్నామని చెప్పారు. ఏళ్లుగా ఎదురుచూసిన పదవి. "కానీ సుజాత గారూ, సెలవు పెట్టుకున్నా ఫోన్ ఆన్‌లో ఉండాలండి. ఈ రోజుల్లో అమావాస్య ఏంటండీ?" అన్నారు.

ఒళ్లు మండింది. ఆఫీసు వాళ్లతో ఎప్పుడూ పుస్తకాల తెలుగు మాట్లాడే నాకు ఆ నిమిషం బాపు భాషే వచ్చింది. "సార్, మా ఊళ్ల అమాస నాడు ఎడ్లకు గూడ కాడి పెట్టరు. ఫోన్ ఆన్ ఉన్నదంటె కాడి మెడ మీద ఉన్నట్టే గద. నాతోని కాదు సార్."

పదవి వేరేవాళ్లకు పోయింది. బాధ లేదని అనను... ఆ రోజు అన్నం సయించలేదు. అవ్వ ఉంటే నన్నూ తిట్టేది.

నిన్న అమాస. ఫోన్ గూట్లో పెట్టి మా ఊరికి పోయాను. బాపు చేసిన ఒక పాత తలుపు తీసి, వేసి చూశాను... ఇంకా బిర్రుగానే పడుతోంది. తిరిగి వస్తుంటే మా చిన్నాయిన కొడుకు ట్రాక్టర్‌తో దున్నుతూ కనిపించాడు. "అమాస గదరా తమ్మీ" అన్నాను.

"ట్రాక్టర్‌కు మెడ లేదు గదక్కా" అని నవ్వాడు.

నిజమే... దానికి మెడ లేదు. మరి దాని మీద కూర్చున్నవాడికి ఉంది కదా. నాకూ ఉంది.

మీ ఇళ్లల్లో కూడా పనిముట్లు గూటికెక్కే రోజు ఒకటి ఉండే ఉంటుంది... ఏ రోజు అది, ఎప్పుడు చేజారిపోయిందో రాయండి. అన్నీ చదువుతాను... వచ్చే అమాస నాడు మాత్రం కాదు.