మూడు వేళ్ళ మడత

నన్ను చూసి నాకే మొట్టమొదట భయం వేసిన క్షణం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఐదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, తిరుచానూరులో మా ఇంటి గడప మీద కూర్చుని, మునెమ్మత్త నా కూతురి కొత్త తెల్ల పావడను తిరగేసి నా ఒళ్ళో పెట్టింది. చేతికి కత్తెర ఇచ్చింది. "తల్లివి నువ్వు. ఈ మడత నువ్వే విప్పు" అంది. నా చెయ్యి లేవలేదు.

ఆ మునెమ్మత్త మొన్న శుక్రవారం కన్నుమూసింది. పిల్లల క్యారియర్లు సర్దుతుంటే పక్కవీధి నుంచి ఫోన్ వచ్చింది. కాఫీ తాగి మిషను ముందు కూర్చున్నదట, కుడుతున్న గుడ్డ మీదే తల వాల్చేసిందట. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే మా వాణ్ణి నిలబెట్టి నిక్కరుకు కొలత తీసుకున్న మనిషి! ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు పెరుగన్నం కలుపుతూనే ఉన్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. మా సందు చివర, వసారాలో మిషను పెట్టుకుని నలభై ఏళ్ళు ఈ ఊరి పిల్లలకు బట్టలు కుట్టిన మనిషి. అమ్మవారి గుడికి వెళ్ళినా మెడలో టేపు ఉండేది. కొలతలు ఎప్పుడూ రాసిపెట్టుకోలేదు. "పోయిన నెల కొలత ఈ నెలకు ఎందుకు పనికొస్తాది? బిడ్డను పిలుసుకోని రా" అనేది.

చిన్నపిల్లల బట్ట ఏదైనా సరే, అంచు లోపల మూడు వేళ్ళ మడత పెట్టేది. బిడ్డ ఎదిగేకొద్దీ విప్పుకోవడానికి. ఒకసారి ఒకామె పుట్టినరోజు గౌనుకు మడత అక్కర్లేదు, సరిగ్గా సరిపోయేలా కుట్టమంది. మునెమ్మత్త మిషను ఆపి, "ఏమ్మే, బిడ్డకా, దిండుకా? దిండు గలీబైతే కొలతకు కుడతా. బిడ్డ గదా, పెరుగుతాది" అంది. వసారాలో అందరం నవ్వాం. ఆ మాటే ఒకనాడు నా పిల్లల ప్రాణాలు కాపాడుతుందని నేనెరుగను.

మా అబ్బాయి నెలలు నిండకుండా పుట్టాడు. వాడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. డిగ్రీ చదివాను, డాక్టర్ల మాట అర్థమయ్యేది, అయినా నిద్ర పట్టేది కాదు. పక్కింటి రమ నా అవస్థ చూడలేక పుత్తూరు దారిలో ఒక రేకుల షెడ్డులో జరిగే సత్సంగానికి తీసుకువెళ్ళింది. అక్కడ అందరూ 'అమ్మగారు' అని పిలిచే ఒకావిడ నా తల నిమిరి, "బిడ్డలు నీవాళ్ళు కారమ్మా, స్వామివాళ్ళు. భయం ఆయనకిచ్చేయ్" అంది. ఆ రాత్రి నేను తెల్లవారేదాకా నిద్రపోయాను. ఆ ఒక్క నిద్ర కోసం ఆర్నెల్లు ఆవిడ చెప్పినవన్నీ విన్నాను. రాబోయే పున్నమికి అందరం తెల్లబట్టలు కట్టి స్వామి దగ్గరికి 'ప్రయాణం' అన్నారు. యాత్ర అనుకున్నాను. బస్సు ఎన్నింటికని అడిగాను కూడా. వాళ్ళు నవ్వారు.

ఆ తెల్లబట్టలు కుట్టే పని మునెమ్మత్తకే ఇచ్చారు. పున్నమి రోజు మధ్యాహ్నం ఆమె సంచీతో మా ఇంటికి వచ్చింది.

"ప్రయాణం పోయి తిరిగొస్తారా పాపా?"

"ఎందుకు రాం అత్తా?"

"అట్లయితే మడత ఎందుకొద్దంట? అలవాటు కొద్దీ అన్నిటికీ పెట్టేసినా. మీ అమ్మగారి మనిషి పొద్దున వచ్చి సూసి, విప్పెయ్యి, ఈ బిడ్డలు ఇంక పెరిగేది లేదు అనింది. నలభై ఏండ్లుగా కుడతావుండా. పెరగని బిడ్డ యాడుండాది?"

"అది వేదాంతంగా అనుంటారులే అత్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆ మాటలు నాకు తెలీవు. నాకు గుడ్డ తెలుసు" అంటూ కత్తెర తీసింది.

నేను విప్పలేకపోయాను. ఆమె చంటివాణ్ణి చంకనేసుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని, "మీ ఆయన వచ్చేదాకా నీ బిడ్డలు నా కాడ ఉంటారు. నువ్వూ రా" అంది. మా ఆయన రాగానే ఆయనా, మునెమ్మత్తా మిగతా సత్సంగం ఇళ్ళవాళ్ళను ఆపడానికి బండి మీద బయల్దేరారు. రమ వాళ్ళింటికి తాళం. మరో ఇంట్లో, "టైలరమ్మ మాకు జ్ఞానం చెప్పొచ్చిందే!" అని ఎగతాళి చేసి తలుపేశారు. షెడ్డు గేటు లోపలినుంచి మూసుంది, భజన వినిపిస్తోంది. పోలీసుల్ని పిలిచి తలుపులు తీయించేసరికి భజన ఆగిపోయి ఉంది. రమ, ఆమె కొడుకు, లోపల ఉన్నవాళ్ళలో ఒక్కరూ ప్రాణాలతో మిగల్లేదు.

మర్నాడు పిల్లల్ని గుర్తుపట్టడానికి మునెమ్మత్తను పిలిచారు. కొందరిని అంచు తిరగేసి చూసి చెప్పిందట, ఇది ఫలానావాళ్ళ బిడ్డకు కుట్టింది అని. ఇంటికొచ్చి నా పక్కన గోడకానుకుని కూర్చుంది. "నేను విప్పలేదు పాపా. విప్పినానని అబద్ధం చెప్పి లోపలే దాచి కుట్టినా. అందరికీ మూడు వేళ్ళు అట్లనే ఉండాది" అంది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

తర్వాత వీధి ఆమెను వదల్లేదు. తెలిసీ ఎందుకు కుట్టింది అన్నారు. అంతా తెలిసి నేను మాత్రం ఎందుకు బతికానన్నారు. కొన్నాళ్ళు ఆమె వసారాకు ఎవరూ రాలేదు. ఆమె రోజూ మిషను తుడిచి, నూనె వేసి కూర్చునేది. నేను పిల్లల్ని తీసుకెళ్ళి ఎదురుగా కూర్చునేదాన్ని. నాకు నిద్ర పట్టని రోజుల్లో, "ఊపిరి సూడొద్దు మే, పావడ సూడు. పొట్టయిందంటే బాగుండాదని లెక్క" అని నవ్వేది. ఏ మందూ ఇవ్వని ధైర్యం నాకు ఆ మాట ఇచ్చింది. బడి తెరిచే ముందు ఏటా అంచు దించేది. నా కూతురి పావడల మీద పాత మడతల గీతలు కనిపిస్తే పిల్ల సిగ్గుపడేది. నాకు మాత్రం వాటిని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించేది.

ఆమె కుట్టి ముగించిన చివరి యూనిఫాం నిన్న వాళ్ళ చెల్లెలు తెచ్చిచ్చింది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టి, మధ్యలో లేచి ఆ పావడ తిరగేసి చూశాను. ఈసారి మడత నాలుగు వేళ్ళుంది. ఇలాంటి మనిషి మా వీధికి మళ్ళీ రాదు.

ఇన్నేళ్ళూ పిల్లలకు ఏమీ చెప్పలేదు. బయట ఎవరి నోటనో వింటారన్న భయం, నేను చెబితే నన్ను ఎలా చూస్తారోనన్న భయం. ఈ ఉదయం యూనిఫాం తొడుక్కుంటూ నా కూతురు అడిగింది: "అవ్వ లేదు గదా మా, ఇంక నా పావడ ఎవరు దించుతారు?"

బీరువా అడుగునుంచి ఆ తెల్ల పావడ తీసి ఇద్దరి ముందూ పరిచాను. మడత అలాగే ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. చివరికి ఇలా అన్నాను: "మీరు పెరగరని చెప్పినోళ్ళ మాట అమ్మ వినింది. పెరుగుతారని కుట్టింది అవ్వ. అవ్వ కుట్టిందే నిజమైంది. ఇంకమీదట నేను దించుతా. రండి, నిలబడండి, కొలుస్తాను."