మా ముందు గదికి వచ్చే బదిలీలు

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు చదవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. పేర్లు చెప్పను. నీ సంగతి చెప్పాలా వద్దా అని ఒకప్పుడు మా ముందు గదిలో అద్దెకున్న మనిషిని ఫోన్‌లో అడిగాను. "పేరు లేకుంటే చెప్పు వదినా. ఎవలన్న చెప్పాలె గదా" అన్నాడు. అందుకే చెబుతున్నాను.

మా ఆయన బొగ్గు బాయిలో పనిచేశాడు. ఇక్కడ గనిని బాయి అంటాం. ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఆయన పోయాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, గోదావరిఖనిలోనే మేం కట్టుకున్న రెండు గదుల ఇంటికి వచ్చాను. కూతురు అప్పటికే పెద్దపల్లిలో కాపురం చేస్తోంది. రాత్రి నిద్రపోతే గడిచిపోతుంది గానీ, పగలే కష్టం. కూర వండితే తినే నోరు ఒక్కటే. ఇంట్లో మనిషి మాట వినబడక, కుక్కర్ కూత వేస్తే "ఆ, వస్తున్న" అని జవాబు చెప్పేదాన్ని. నవ్వకండి, నిజం.

అప్పుడు మా ఆయన దోస్తు ఒకాయన ముందు గది అద్దెకు అడిగాడు. బాయిలో పంపు ఆపరేటర్. యాభై దాటినవాడు, పెళ్ళి చేసుకోలేదు. నన్ను వదినా అంటాడు, నేను తమ్మీ అంటాను. భూమి అడుగున చీకట్లో నీళ్ళు తోడడానికి భయం లేదు గానీ, ఆ మనిషికి బల్లి అంటే ప్రాణం పోతుంది. స్నానాల గదిలో బల్లి కనబడితే టవల్ చుట్టుకుని బయటికి ఉరికేవాడు.

"వదినా, జల్ది రా! అది నా దిక్కే చూస్తాంది!"

"చూడనియ్యి. నీకు సంబంధం చూడొచ్చిందేమో."

"నీకు దండం పెడుత, చీపురు తే!"

మా దగ్గర బట్టలు ఆరేయడం ఒక యుద్ధం. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయితే గిన్నెలు గలగలమంటాయి, వెనకనే దుమ్ము వస్తుంది. సైరన్ వినబడగానే ఆయన మిద్దె మీదికి పరుగెత్తి తన బనియన్లు, నా చీరలు అన్నీ ఒక్క చంకలో పెట్టుకుని దిగేవాడు. దిగాక కూర్చుని శుభ్రంగా మడత పెట్టేవాడు. నాకంటే బాగా. ఆ చీరలే తర్వాత నా కొంప ముంచాయి. ఆ సంగతి చెబుతాను.

వారపు సెలవు రోజు, అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట, ఆయన గదికి ఒక మనిషి వచ్చేవాడు. ఎప్పుడూ ఒకడే కాదు. చేతిలో చిన్న బ్యాగు, మంచి బూట్లు, సెంటు వాసన. కాసేపు ఉండి వెళ్ళిపోయేవాడు. ఎవరు తమ్మీ అని అడిగితే "బదిలీ, వదినా" అన్నాడు.

బదిలీ అంటే మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. బాయిలో పర్మనెంట్ మనిషి రాని రోజు వాని జాగాలో దిగేవాడు బదిలీ. పిలిస్తే పని, పిలవకపోతే లేదు. వచ్చిన రోజుకు హాజరు పడితే దాన్ని మస్టర్ అంటారు. మస్టర్లు నిండితే పర్మనెంట్ అవుతాడు. మా ఆయన కూడా మొదట బదిలీగా దిగినవాడే. పొద్దున్నే బాయి మీదికి పోయి, పని లేదంటే టిఫిన్ డబ్బా తెరవకుండా తిరిగొచ్చేవాడు. అది గుర్తొచ్చి నాకు పాపమనిపించింది. ఈసారి వచ్చినప్పుడు అన్నం పెడదామనుకున్నాను.

ఆ రోజు వచ్చినవాడు ముప్పై అయిదేళ్ళ మనిషి, మీసంలో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు. ఇద్దరికీ అన్నం, పచ్చిపులుసు, గుడ్డు తీసుకుపోయి పెట్టాను. పెట్టినదాన్ని ఊరుకోవచ్చు కదా. ఎదురుగా కూర్చున్నాను.

"ఏ బాయి, బిడ్డా?"

వాడు ఆయన వైపు చూశాడు. ఆయన క్యాలెండర్ వైపు చూశాడు.

"బసంత్‌నగర్ దిక్కు, అవ్వా."

"బసంత్‌నగర్ల బాయి ఏడుంది? సిమెంటు ఫ్యాక్టరీ గదా?"

"తిరుగుత అవ్వా. ఎవలు పిలిస్తే ఆడికి పోత."

"గట్ల తిరిగితే పర్మనెంట్ ఎట్ల అయితవు? ఎన్ని మస్టర్లు పడ్డయి నీకు?"

వానికి పొలమారింది. నేను నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చాను.

"మా పనిల మస్టర్లు ఉండయి, అవ్వా."

"ఉండకపోతే ఎట్ల? యూనియనోళ్ళను గట్టిగ అడుగు. అడగకపోతే జిందగీ అంత బదిలీగనే ఉంటవు. తమ్మీ, నువ్వన్న జర చెప్పి పిలగాన్ని పర్మనెంట్ చేపియ్యి!"

వాడు పగలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ "చేపియ్యమను అవ్వా, నేను వద్దంటున్ననా!" అన్నాడు. ఆయన కూడా మొదట నవ్వాడు. తర్వాత ఎందుకో కంచంలో అన్నం అటూ ఇటూ కలుపుతూ ఉండిపోయాడు.

వాడు బస్సుకు పోయాక, పొద్దుగూకే వేళ నేను గడప దగ్గర ఎల్లిపాయలు ఒలుస్తుంటే ఆయన వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"వదినా, ఆ పిలగాన్ని ఇంకోసారి మస్టర్లు అడగకు."

"ఏం, తప్పు మాట అన్ననా?"

"వాడు బాయి బదిలీ కాదు. పైసలిస్తే వస్తడు. నా కాడికి."

"నీ కాడికి ఏం పనికి?"

"మొగోడు ఆడిదాని కాడికి ఏం పనికి పోతడో గా పనికే. నాకు చిన్నప్పటిసంది ఆడోళ్ళ మీదికి మనసు పోదు, వదినా. మీ ఆయన ఎన్ని సంబంధాలు తెచ్చిండో నీకెరుకే. ఏమని చెప్పాలె ఆయనకు?"

నా చేతిలో ఎల్లిపాయ ఉంది. దాన్ని పూర్తిగా ఒలిచాను. తిట్టాలనిపించలేదు.

"పిలగాడు కడుపునిండ తిన్నడా మరి?" అని అడిగాను.

ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను ఇంకో పాయ తీసుకున్నాను.

ఆ తర్వాత మా మధ్య దాపరికం పోయింది. చింతపండు గింజ తీస్తుంటేనో, బియ్యం చెరుగుతుంటేనో కాస్త కాస్త చెప్పేవాడు. ఫోన్‌లో ఫొటో చూసి పిలుస్తారట. ఒకసారి ఫొటోలో పహిల్వాన్ లాంటివాడు, బస్సు దిగినవాడు గాలికి పడిపోయేట్టు ఉన్నాడట. వాడే ఈయనను ఎగాదిగా చూసి "నీ ఫొటో కూడ పాతదేనా, అన్నా?" అన్నాడట. ఇద్దరూ చాయ్ తాగి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఇంకొకడు వచ్చీ రాగానే చార్జర్ అడిగి, ఫోన్ పెట్టి, ఫ్యాన్ కింద పడుకుని గురక పెట్టాడట. రెండు షిఫ్టులు చేసి వచ్చాడేమో పాపమని ఈయన లేపలేదు. నేను పడీ పడీ నవ్వాను.

కొన్నింటికి నవ్వు రాలేదు. ఒకడు పోయేటప్పుడు ఈయన వేలి ఉంగరం ఊడదీసుకుని, "అరిస్తే బాయి మీదికొచ్చి అందరి ముందర చెప్త" అన్నాడట.

"వాని చేతులు పడిపోను! పోలీసులకు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె, వదినా?"



ఒకనాడు ఆయన మంచిర్యాల బస్టాండులో ఆ బసంత్‌నగర్ అతన్ని చూశాడు. పక్కన భార్య, చంకలో పిల్ల. ఈయన చేయి ఎత్తబోయాడు. వాడు మొహం తిప్పుకున్నాడు. "వాని తప్పు కాదు. మా పద్ధతే అది. గదిల ఉన్నంత సేపు అన్నా, అన్నా అంటరు. బయట నేనెవల్నో, వాడెవడో" అని చెప్పి, ఆ పూట అన్నం వద్దన్నాడు. మా ఆయన పోయినప్పుడు ఊరంతా వచ్చి ఏడ్చింది. ఈయన బాధకు రావడానికి ఎవరికీ తెలియనే తెలియదు.

ఇక నా సంగతి. మిద్దెల మీది కళ్ళు ఊరుకుంటాయా? పంపు ఆపరేటర్ విధవరాలి చీరలు మడత పెడుతున్నాడనే మాట పెద్దపల్లి దాకా పోయింది. నా కూతురు వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో నిలబడింది.

"అమ్మా, వాడు నీ చీరలు తీస్తడట?"

"దుమ్ము పడుతదని తీసిండు."

"మా అత్త మొకం మీద అడిగింది. నేనేం చెప్పాలె?"

"మీ నాయిన దోస్తు అని చెప్పు."

"నాయిన ఉన్నప్పుడు నాయిన దోస్తు. ఇప్పుడు ఎవల దోస్తు?"

నేను గ్లాసుతో నీళ్ళు ఇవ్వబోతే తీసుకోలేదు.

"బాబు పుట్టెంట్రుకలకు నువ్వు రావాలంటే, వాడు ఆ గదిల ఉండొద్దు. నువ్వు లేకుండ చేసుడు నాకు మంచిగనిపిస్తదా? నువ్వే ఆలోచన చేసుకో."

ఒక్క మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆడవాళ్ళంటేనే మనసు పోనివాడికి నేనెందుకే అని ఒక్క మాట. అంటే నా మీది మచ్చ అప్పుడే పోయేది. మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకునేదాన్ని. కూతురు అంగట్లో కూరగాయలు కొన్నట్టు ఆ మాటను సంచీలో వేసుకుని పోయేది, అల్లుడికి చెప్పేది. నేను నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాను.

మధ్య గోడ ఒంటి ఇటుక గోడ. అంతా విన్నాడు. కూతురు పోగానే వచ్చాడు.

"నేనే పోయి చెప్త బిడ్డకు. నీకు ఎందుకీ బద్నాం?"

"నోర్ముయ్. ఇయ్యాల బిడ్డకు చెప్తవు, రేపు అల్లునికి ఎరుకైతది, ఎల్లుండి బాయికి. వాళ్ళందరితోని బాయిల ఎట్ల దిగుతవు? నీళ్ళ చాయ్ ఇచ్చేటోడు కూడ ఉండడు నీకు."

"అయితే పోత వదినా."

పోవద్దు అనాలి. అనలేదు. నాకు మనవడు కావాలి. ఆయన రామకృష్ణాపూర్ దిక్కు బాయికి రాయించుకున్నాడు. ఆర్డర్ వచ్చిన రోజు "ఇప్పుడు నాకే బదిలీ అయింది, వదినా" అని నవ్వబోయాడు. ఇద్దరికీ రాలేదు. ట్రాలీ ఆటోలో మంచం, ట్రంకు పెట్టె ఎక్కించుకుని పోయాడు. అక్కడ గది ఇచ్చినవాళ్ళు బయటివాళ్ళను రానివ్వరట. పిలిచే దారి కూడా పోయింది ఆయనకు.

పుట్టెంట్రుకలకు నన్ను పిలిచారు. చీర పెట్టారు. గుండు చేయించుకుని ఏడ్చే మనవడిని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆడవాళ్ళందరూ చాప మీద కూర్చున్న చోట వియ్యపురాలు అడిగింది.

"ఇంతకూ మీ ఇంట్ల ఉన్నాయినె పెండ్లి ఎందుకు చేసుకోలే, వదినా?"

అందరి చెవులూ ఇటే ఉన్నాయి.

"దొరకలే."

"గంత మంచి నౌకరి ఉన్నోనికి దొరకకపోవుడేంది?"

"దొరకలే వదినా. తోడు కోసం చాన తండ్లాడిండు" అన్నాను. నా గొంతు అసలే మోటు. అప్పుడు మధ్యలో తెగింది.

నా కూతురు నా మొహం చూసి తల దించుకుంది. ఏమనుకుందో నాకు తెలుసు. అనుకోనిచ్చాను.

ఇంటికి వచ్చి తాళం తీస్తుంటే ఆయన ఫోన్ చేశాడు.

"మంచిగైందా, వదినా? బాబు ఏడ్చిండా?"

"మంచిగైంది. బాగ ఏడ్చిండు."

"నా గురించి ఏమన్న అడిగిండ్రా?"

అడగలేదని చెప్పాను.