కొండ పేరు చెప్పి అడిగిన చందా

అల్లూరులో ఎత్తు అనదగ్గది ఏదైనా ఉంటే అది గడ్డివామే. అలాంటి ఊళ్లో ఉంటూ నేను ధర్మకార్యం కోసం కొండెక్కుతానని ప్రకటించాను. బి.ఏ. ప్యాసై ఉద్యోగం రాని మనిషికి కొంత తీరిక ఉంటుంది. ఎక్కడో సీమల్లో అవిటివాళ్ల సహాయార్థం పర్వతాలెక్కి చందాలు పోగుచేస్తున్నారని ఇంగ్లీషు పేపర్లో చదివాను.

నా మనసులో ఉన్నవాడు ఒక్కడే. నాతో హైస్కూలు దాకా చదివిన దర్జీ. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. రోజూ పొద్దున వాళ్ల నాయన, ముసలి సాయిబు, వాడిని వీపున వేసుకుని బజారులోని అంగడికి తెచ్చి చేతిమిషను ముందు దించేవాడు. ఆ ఏడు సాయిబుకి ఆయాసం పట్టుకుంది. చేత్తో తిప్పుకుంటూ పోయే మూడుచక్రాల బండి మద్రాసులో దొరుకుతుందన్నారు. ఆ వీపు ఆగిపోయేలోగా బండి రావాలి.

ఇంటింటికీ తిరిగాను. "తిరుపతి కొండ నడిచి ఎక్కుతాను. నా కష్టం చూసి దర్జీ బండికి తోచింది ఇయ్యండి" అన్నాను. కొండకు పోయేవాడు గుమ్మంలోకొస్తే ఏం చెయ్యాలో మా వైపు ప్రతి ఇంటికీ తెలుసు. మొదటి ఇంటి పెద్దమ్మ లోపలికి పోయి, రూపాయి పసుపుగుడ్డలో ముడేసి తెచ్చింది.

"కోడలికి కాన్పు సుఖంగా కావాలని మొక్కుకోనుండా. హుండీలో ఎయ్యి నాయనా."

"దర్జీ బండికి అడిగినాను పెద్దమ్మా."

"వాడి పేరు గూడా చెప్పుకో. దేవుడికేం బరువా?"

ముడి సంచీలో వేసుకున్నాను. ఏ గుడ్డలో ఉన్నా రూపాయి రూపాయే అనుకున్నాను. కాలేజీ చదువు కొంత పనికొచ్చింది. సంచీ నిండా ముడుపులు పోగయ్యాయి.

కొండెక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర, కాళ్లు లేకపోవడంలోనూ కొంత సుఖం ఉందేమోనన్న ఆలోచన వచ్చింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. హుండీ ముందు నమస్కారం ఒక్కటే పెట్టి, సంచీ చంకలో ఇరికించుకుని దిగొచ్చాను.

సంచీ మిషను పక్కన పెడితే దర్జీ ముడులు చూశాడు. విప్పలేదు.

"ఇవి ముడుపులు గదరా."

"డబ్బులు. నీ బండి."

"రేపు ఆ పెద్దమ్మ కోడలికేమన్నా అయితే? దేవుడి సొమ్ము మీద కూర్చోని పోతుండాడు సాయిబు కొడుకు అంటారు. అనకపోయినా నాకు ఇనబడతాది."

"నేను చెప్పే అడిగినాను."

"వాళ్లు ఇనే ఇచ్చినారా?"

బి.ఏ.లో ఆ పాఠం లేదు. గుమ్మంలో ఊపిరి కూడదీసుకుంటున్న సాయిబు, "తీసకపోయి ఎయ్యి అబ్బయా, నేనుండా గదా" అన్నాడు. అంత చిన్న మాటకు మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

వారంలో మళ్లీ కొండెక్కి ముడుపులన్నీ వేసి వచ్చాను. ఈసారి ఎవరికీ చెప్పలేదు. కోడలికి సుఖంగానే కాన్పయింది. తర్వాత మామూలు చందాకు పోతే, "మొన్ననే ఇచ్చినాం గదయ్యా" అన్నారు. అబద్ధం కాదు.

ఆ చలికాలం సాయిబు పోయాడు. దర్జీని అంగడికి రెండు రోజులు నేను మోశాను. మూడో రోజు వాడు, "వద్దులేరా. నీ రొప్పు ఇనుకుంటా ఉంటే కుట్టు వంకరపోతుండాది" అని మిషను ఇంటికి తెప్పించుకున్నాడు. వాళ్లిల్లు బజారుకు బాగా దూరం, సందు చివర. ఏడాది తిరక్కుండా బజారులోకి ఇంకో దర్జీ వచ్చాడు. నెల్లూరులో ఉద్యోగానికి పిలుపొచ్చినప్పుడు, వ్యవధి లేదని, నా చొక్కా అతని దగ్గరే కుట్టించుకున్నాను.