రాజవ్వక్కకు నేను చదివిన వాగ్దానం

పదకొండేళ్లుగా ఒక్క వాక్యాన్ని మోస్తున్నాను. ఇంతేనా అని మీరు అనుకోవచ్చు.

కరీంనగర్‌కు గంట దూరంలో మా ఊరు. అక్కడి చర్చి సంఘంలో ఆడవాళ్లలో పది చదివింది నేనొక్కదాన్నే. ఆదివారం వాక్యం చదివేది నేనే. గొంతు బాగుంటుందని అందరూ అనేవాళ్లు, ఆ పొగరు నాకుండేది. ఇంట్లో మాత్రం బైబిలు గ్రంథం తెరిచేదాన్ని కాదు.

రాజవ్వక్క మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టేది. పెనిమిటి దుబాయి పోయి రెండేళ్లుగా జాడ లేడు. మంచాన పడ్డ మా అవ్వను పొద్దునా సాయంత్రం చూసుకునేది కూడా ఆమే. ఆ ఏడు బోథ్ నుంచి ఆమె తమ్ముడు వచ్చి, తన ఊరికి వచ్చి తన దగ్గరే ఉండిపొమ్మని బతిమాలాడు. ఆమె ఎటూ తేల్చుకోలేక, కొత్త సంవత్సరం వాగ్దానాన్ని బట్టి చేస్తానంది. ఆ రోజు ఆరాధనలో మేం పళ్లెంలోంచి తలా ఒక కార్డు తీసుకుంటాం. దాని మీది వాక్యం ఆ ఏడాదికి దేవుడు మనతో అనే మాట. చదువు రానివాళ్లు కార్డు నా దగ్గరికి తెచ్చేవాళ్లు.

ఆమె కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏమున్నది చెల్లె? పొమ్మన్నడా, ఉండుమన్నడా?"

కార్డు మీద లేచి వెళ్లమని, దారంతా తోడుంటానని ఉంది. నేను కార్డు చూస్తూనే, ఆదివారం చదివే గొంతుతోనే అన్నాను. "ఉన్నచోటనే కనిపెట్టుకొని ఉండుము. నీవాడు తిరిగి నీయొద్దకు వచ్చును."

"గట్లనే ఉన్నదా?"

"గట్లనే ఉన్నదక్కా. గిది నీకు, దేవునికి నడుమ మాట. ఎవ్వలకు చూపియ్యకు."

ఆమె కార్డును కళ్లకద్దుకుంది.

ఎందుకలా అన్నాను? జాలి అనుకుని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. జాలి కాదు. ఈమె పోతే మా అవ్వ ఒళ్లు ఎవరు తుడుస్తారు, నా కుట్టుపని ఏం కావాలి, ఆ క్షణంలో నా తలలో తిరిగింది ఇదే.

తమ్ముడు రెండేళ్లు పిలిచి మానేశాడు. మా అవ్వ ఆమె చేతుల్లోనే పోయింది. పెనిమిటి రాలేదు. ఆమె ఎదురుచూస్తూనే ఉంది.

పోయినేడు రాజవ్వక్క పలక పట్టుకుని వచ్చింది. గ్రంథం తానే చదువుకోవాలట, నేర్పమంది. ఎలా కాదనను? కార్డు మీది మాటల్లో ఒత్తులు ఎక్కువ. అందుకని గుణింతాల దగ్గరే ఐదు నెలలు తిప్పాను. సిగ్గనిపించలేదా? అనిపించింది, అయినా తిప్పాను. ఆమె బస్సు బోర్డులు చూసి ఒత్తులు తనే పట్టేసింది. ఇప్పుడు తెల్లారి ఒక్క వాక్యం చదువుతుంది, షెడ్డులో రోజంతా దాన్నే తలపోస్తుంది, సాయంత్రం నా దగ్గరికి ఒక ప్రశ్నతో వస్తుంది. ఒకప్పుడు పెనిమిటి కోసమే ప్రార్థన చేసేది. ఇప్పుడు తనతో రోజూ గొడవపడే పక్క మగ్గం ఆమె కోసం కూడా చేస్తోంది.

భయంతో నేనూ చదవడం మొదలుపెట్టాను. భక్తి కాదు. నేను కల్పించిన వాక్యం ఎక్కడో ఒకచోట ఉంటే నా అబద్ధం నిజమైపోతుందని మొదటి పేజీ నుంచి వెతికాను. దొరకలేదు. కానీ అలా వెతుకుతూ, ఎవరికీ వినిపించకుండా నాకోసమే చదువుతుంటే, ఇన్నేళ్లూ గొంతులోనే ఆగిపోయిన మాటలు మెల్లగా లోపలికి దిగాయి. దేవుడు ఉన్నాడని మొదటిసారి నిజంగా నమ్మాను. నమ్మాకే అసలు భయం పట్టుకుంది. అంతకుముందు రాజవ్వక్క ఒక్కతే నన్ను పట్టుకుంటుందని భయపడ్డాను. ఆ రోజు ఆయన కూడా అక్కడే ఉండి విన్నాడు.

కార్డు ఆమె ఇంకా చదవలేదు. "తప్పుల్లేకుంట సదువుడు అచ్చినంక, నీ ముందట్నే సదువుత చెల్లె" అంది. మొన్న వచ్చి, ఈ ఆదివారం చదువుతానంది. అంటే రేపే.

క్షమిస్తుందా? ఆమె చదువుతున్న మాటలను బట్టి క్షమిస్తుందేమోనని ఆశ పుడుతుంది. ఆ ఆశను చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. క్షమించినా, తమ్ముడి పిల్లల మధ్య ఆమె గడపాల్సిన పదకొండేళ్లు ఎవరు తెచ్చిస్తారు?

ప్రార్థనలో కూడా ఈ మాట చుట్టూ తిరిగానే తప్ప సూటిగా అనలేదు. ఇప్పుడు మీతో అంటున్నాను. దేవుడు ఆమెను వెళ్లమన్నాడు. ఉండమన్నది నేను. ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.