కండెల డబ్బా అడుగున

మా అక్క మగ్గం గుంటలోకి ఒరిగిపోయినప్పుడు ఉదయం పది కూడా కాలేదు. పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోంచి జారింది. దవడలు బిగుసుకున్నాయి. కాళ్లు మాత్రం గుంటలో తొక్కుడు చెక్కలను టకటకమని తన్నుతూనే ఉన్నాయి. వీధిలో వాళ్లకు అది నేత చప్పుడులాగే వినిపించి ఉంటుంది. బావ, నేను చెరో చంక కింద చేయి వేసి పైకి లాగి, పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ఎందుకు ఇలా అయిందో నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పైకి అనలేదు.

సోమందేపల్లెలో అక్కవాళ్లది ఒకే గది. అందులో సగం మగ్గానిది. ఊరంతా మబ్బు కోసం తలెత్తి చూస్తుంటే, మబ్బు కనిపించగానే అక్క గుంటలోకి చూసేది. నీరు ఊరుతుందేమో, పట్టు చెమ్మగిల్లుతుందేమో అని. మబ్బు వట్టిదై పోయాక బావ దగ్గు మీద భయం. దగ్గు తగ్గితే, హైవే దాటి బడికి పోయిన మనవరాలి మీద. మెడ పట్టేసేది, గుండె దడదడమనేది.

"దీనికి వాన రాకపోయినా భయమే, వచ్చినా భయమే. ఆ దేవుడు ఏం చేయల్లప్పా?" అని బావ నవ్వేవాడు.

రెండేళ్ల కిందట ఎవరో డాక్టరు పది రోజులకని ఒక చిన్న మాత్ర రాసిచ్చాడు. అవి అయిపోయాక, మావైపు అందరూ చేసే పనే ఆమె చేసింది. ఖాళీ అట్ట పట్టుకుని మందుల అంగడికి పోయింది. "చీటీ యాడుందక్కా అని నేనేమన్నా అడిగినానా? అట్ట చూపిస్తే చాలు," అన్నాడట అంగడాయన. రోజుకు ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి.

నేను పత్రికలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఈసారి వాళ్లింటికి పోయినప్పుడు అట్ట మీద పేరు చూడగానే, ఇది అలవాటు పడే రకమని గుర్తుకొచ్చింది. ఉన్నవన్నీ తీసుకుపోయి మురికి కాలువలో వేశాను.

"రేయ్, ఒగటన్నా ఉండనీరా," అంది అక్క.

ఉండనివ్వలేదు. ఆ మాత్రల గురించి నేను చదివింది అంతవరకే. ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో చదవలేదు. రెండో రోజుకు ఆమె చేతులు వణికాయి. మూడో రోజు నిద్ర లేదు. ఓర్చుకోమన్నాను. నాలుగో రోజు గుంటలోకి ఒరిగింది.

అనంతపురం ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు అన్నీ విని, "ఒక్కసారిగా ఆపమని ఎవరు చెప్పారమ్మా? ప్రాణం పోయేది," అంది. అక్క నావైపు తిరగలేదు.

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే ఆపినా."

డాక్టరు ఆ జబ్బును జనరలైజ్డ్ యాంగ్జయిటీ అంది. ఇందులో భయం ముందే వచ్చి, దేనిమీద వాలాలా అని వెతుక్కుంటుందని చెప్పింది. పాత మాత్రను మళ్లీ మొదలుపెట్టి నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. అసలు జబ్బుకు రోజూ వేసుకునే వేరే మందు ఉంది. అది పనిచేయడానికి వారాలు పడుతుంది, మొదట్లో దడ పెరగనూ వచ్చు, దాన్నీ చెప్పకుండా ఆపకూడదు. లేదంటే కౌన్సెలింగ్. వారానికోసారి మాట్లాడుతూ భయాన్ని పరీక్షకు పెట్టడం నేర్పుతారు. రెండూ కలిపీ చేయవచ్చు.

"రెండూ ఇయ్యండమ్మా. నేను మళ్లీ మగ్గం మీద కూచోవల్ల," అంది అక్క.

పాత మాత్రలు ఒకరి చేతిలోనే ఉండాలని, ఇంట్లో ఇంకెక్కడా అట్ట ఉండకూడదని చెప్పి, డాక్టరు వాటిని నా చేతికే ఇచ్చింది. నేను అక్కావాళ్ల దగ్గరే ఉండిపోయాను.

వారం వారం అనంతపురం పోవడం కుదరలేదు. కౌన్సెలింగ్ ఫోన్లో జరుగుతోంది. ఒకే గది ఇంట్లో గుట్టుగా మాట్లాడే చోటు లేదు. అందుకని ఆ ముప్పావు గంట బావ మగ్గం మీద కూర్చుని గట్టిగా నేస్తాడు. ఆ చప్పుడులో అక్క మాట గోడ దాటదు. భయపడింది ఒక పక్క, జరిగింది ఇంకో పక్క ఆమె నోటుబుక్కులో రాయాలి. "గుంటలోకి నీళ్లొస్తాయి" అన్నదానికి ఎదురుగా పేజీ నిండా "రాలేదు" అనే ఉంది. ఆ మాట చదివితే, వాన కోసం కాచుకున్న ఈ ఊళ్లో ఆమెకు తప్ప ఎవరికీ ధైర్యం రాదు.

మూడు నెలలకు ఆమె మళ్లీ మగ్గమెక్కింది. ఒకరోజు దారం చుట్టిన కండె అందించమంటే డబ్బాలో చేయి పెట్టాను. అడుగున పాత మాత్రల అట్ట తగిలింది. పదికి పదీ ఉన్నాయి.

"ఏసుకోనురా. ఆడ ఉండాదని తెలిస్తే చాలు."

"డాక్టరుకు చెప్పాలక్కా."

నాడె ఆగింది. "చెప్పుపో. అప్పుడు నేనూ ఒగటి చెప్పల్ల."

ఇప్పుడు పాత మాత్ర పావు ముక్కకు వచ్చింది. వచ్చే వారం అదీ ఆపాలి. ఇంట్లో వేరే అట్టలున్నాయా అని మేము పోయినప్పుడల్లా డాక్టరు అడుగుతుంది. లేవంటుంది అక్క. నేను తల ఊపుతాను.

నిన్న అక్క బయటికి పోయినప్పుడు డబ్బా తెరిచాను. అట్టలో ఎనిమిదే ఉన్నాయి.