అవ్వ మేడెక్కిన రోజు

నిన్న తిరుపతిలో, ఆసుపత్రి మెట్ల మీద ఒక ముసలాయన ఆగి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా గాలి ఊదుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది.

నగరిలో ఏళ్ల తరబడి మగ్గాలకు కండెలు చుట్టిన అవ్వకు నూలు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యాయి. మనిషి సగమైపోయింది. వీధి చివరిదాకా నడిచినా ఆయాసమే. డాక్టరు నేర్పినట్టు అలా ఊదుతూ ఉండేది. ఈల వేయడం నేర్చుకుంటోందని చిన్నప్పుడు నేననుకునేదాన్ని.

ఒకసారి, నేను పాట పాడాల్సిన వార్షికోత్సవ సభను మా బడివాళ్లు మేడ మీద పెట్టారు.

"నువ్వు ఎక్కలేవు, ఈడే కూసోమ్మా" అన్నాడు నాయన.

"బిడ్డ పైన పాడతా ఉంటే నేను కిందుండేదా? పదరా!" అంది అవ్వ.

రెండు మెట్లెక్కడం, గోడ పట్టుకుని ఊదడం. చెమటకు రవిక తడిసిపోయింది. నాయన ఎత్తుకోబోతే ఒప్పుకోలేదు.

"మీ అవ్వ ఏం చేస్తా ఉండాది?" అని స్నేహితురాలు అడిగింది.

"ఈల నేర్చుకుంటా ఉండాది" అన్నాను గొప్పగా.

నా పాట మొదలయ్యేసరికి అవ్వ ముందు వరసలో కూర్చుని ఉంది. అయ్యాక అందరూ ఆపినా తను చప్పట్లు కొడుతూనే ఉంది.

టీచర్లు మెచ్చుకుంటే ఆ రోజు గొప్పంతా నాదే అనుకున్నాను. ఇప్పుడైతే పాట ఆపి, "అదిగో మా అవ్వ, మేడెక్కి వచ్చింది" అని సభకంతా చూపించేదాన్ని.