కొరడా స్తంభానికి కట్టిన గడియారం

పొయ్యి రాజేయకముందే ఈనస్ పార్డీ గడియారం దగ్గరికి వెళ్తాడు. ఎడమచేత్తో నిలువు పెట్టె తలుపు తీసి, తాడు లాగి, గడియారాన్ని నడిపే బరువును, రాళ్ళు నింపిన రేకు డబ్బాను, పైదాకా రప్పిస్తాడు. కుడిచేయి చొక్కా లోపలే ఉంటుంది. తాడు జారితే పళ్ళతో పట్టుకుంటాడు.

"ఉన్న నాలుగు పళ్ళూ ఊడగొట్టుకో. నన్ను మాత్రం పిలవకు," అంటుంది భార్య హల్దా.

"పిలిస్తే రోజంతా సాధిస్తావు."

అమెరికాలోని కనెక్టికట్ కొండల్లో ఇత్తడి గడియారం కొనగలిగిన ఇల్లు ఆ రోజుల్లో అరుదు. అందుకే చెర్రీ కర్రతో చక్రాలు కోసేవాళ్ళు. ఈనస్‌కి ఆ పని తండ్రి నేర్పాడు. నేర్పడమంటే, చక్రానికి ఒక పన్ను వంకర పోతే ఆ చక్రంతోనే మొహం మీద బాదడం. కనుబొమ పక్కన పళ్ళ వరస మచ్చ ఇప్పటికీ ఉంది. తండ్రి పోయేనాటికి ఈనస్ చేతిలో పన్ను వంకర పోవడం మానేసింది. తన గడియారం ఆగదని అమ్మిన ప్రతి ఇంట్లోనూ గుండె మీద చెయ్యేసి చెప్పేవాడు. ముసురు పడితే చెక్క ఉబ్బి ఆగుతుందని మాత్రం చెప్పేవాడు కాదు. ఆ కొండల్లో ఏ గడియారంవాడూ చెప్పడు. చెప్పినవాడి దగ్గర కొనేదెవరు?

అలా కొన్నవాళ్ళలో జోబ్ గ్రిస్వల్డ్ ఒకడు. మొండికేసిన ఎద్దును పిడికిలితో గుద్ది మోకాళ్ళ మీద కూల్చిన మనిషి. భార్య లోయిస్ ముందు మాత్రం పిల్లి. గడియారం కావాలన్నది లోయిస్సే. తాడు ఆమె తప్ప ఇంకెవరూ లాగకూడదు.

ఒక ఏడు ఆగస్టంతా వాన. లోయిస్‌కి జ్వరం తగిలింది. కొంచెం నెమ్మదించి, రెండు చెంచాల జావ దిగుతున్న సాయంత్రం గడియారం ఆగింది. ఇంట్లో ఎవరైనా పోతే లోలకాన్ని చేత్తో ఆపడం అక్కడి ఆచారం. దానంతటదే ఆగిందంటే ఎవరినో చావుకి పిలుస్తోందని అర్థం.

"ఆగిపోయింది జోబ్. ఇక నన్ను లేవమనకు," అంది లోయిస్. చెంచా తోసేసి గోడవైపు తిరిగింది. తెల్లవారేసరికి చల్లబడిపోయింది.

సెప్టెంబరులో ఊరి మగవాళ్ళంతా తుపాకులతో కవాతు చేసే రోజు వచ్చింది. మధ్యాహ్నానికి సగంమంది రమ్ము తాగి ఉన్నారు. కుస్తీల్లో ఒకడి ముక్కు పగిలింది, మరొకడి భుజం జారింది. అప్పుడు జోబ్ ఎద్దుల బండి మీద గడియారాన్ని తెచ్చాడు. ప్రార్థన మందిరం ముందున్న కొరడా స్తంభానికి, దొంగను కట్టినట్టు, దాన్ని తాళ్ళతో బిగించి కట్టాడు.

"సైతాను పెట్టె! నా ఆడదాన్ని పిలిచింది. ముందు నేను కాలుస్తా, తర్వాత మీ ఇష్టం," అన్నాడు. తుపాకులు పైకి లేచాయి.

కేక విని ఈనస్ పరుగెత్తుకొచ్చాడు. ఆ గడియారాన్ని సైతానుదని కాల్చారంటే, రేపు కొండల్లో ఉన్న తన గడియారాలన్నీ పొయ్యిలోకే. స్తంభానికి అడ్డం నిలబడ్డాడు.

"తప్పుకోరా పార్డీ! నీకూ చిల్లు పడుద్ది!"

"పడనీ. ముందు లోపల చూడనివ్వండి. సైతాను ఉంటే నేనే పట్టిస్తా."

"చూడనీరా. తోక పట్టుకు లాగుతాడేమో!" అని ఎవడో నవ్వాడు. జోబ్ నవ్వలేదు. తుపాకీ దించనూ లేదు.

ఈనస్ అడుగున రాయి పెట్టి పెట్టెను నిలువుకు తెచ్చాడు. అంకెలున్న ముఖం పలక ఊడదీశాడు. ఉబ్బిన చక్రం పళ్ళు పక్కచక్రాన్ని కరుచుకుని ఉన్నాయి. కత్తితో ఆ పళ్ళను నెమ్మదిగా గీకాడు. రేకు డబ్బా తగిలించి లోలకాన్ని కదిపాడు.

టిక్కు. టిక్కు.

గుంపు దగ్గరికి జరిగింది. ఈనస్ గర్వంగా తిరిగి, కుడి అరచేతిలో చిటికెడు చెక్క పొట్టు చూపించాడు. "ఇదే మీ సైతాను. ఉత్త చెమ్మ!"

జోబ్ దగ్గరికొచ్చి ఆ పొట్టును చూశాడు. "ఇంతేనా?"

"ఇంతే."

"ఇంత గీకితే తిరిగేదా?"

"అదే చెప్తున్నా గదా."

"వానకి ఆగుతుందని నీకు ముందే ఎరుకేనా?"

అప్పుడు తెలిసింది ఈనస్‌కి తను ఎక్కడికొచ్చి నిలబడ్డాడో. సైతాను పోయాడు. ఇక స్తంభం దగ్గర మిగిలింది తనొక్కడే. "చెక్క కదా జోబ్..." అన్నాడు.

"మరి లోయిస్‌కెందుకు చెప్పలేదురా? చెప్పుంటే నవ్వి ఊరుకునేది గదరా! జావ తాగేది గదరా!"

పొట్టు ఉన్న ఆ చేతినే స్తంభానికి అదిమిపట్టి, జోబ్ తుపాకీ మడమతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గుంపు చివరిదాకా వినిపించింది. మళ్ళీ కొట్టాడు. "చెప్పుంటే!" అంటూ మళ్ళీ. వేళ్ళు వేళ్ళలా లేకుండా పోయాయి. ఈనస్ అరుపు సన్నగా, గొర్రె గొంతులా వచ్చింది. తుపాకులు పట్టుకున్న అంతమందిలో ఒక్కడూ కదల్లేదు.

కదిలింది హల్దా. గుంపును చీల్చుకొచ్చి జోబ్ వీపు మీదికెగిరి, చెవి కొరికి పట్టింది. వాడు విదిలించిన కొద్దీ పళ్ళు బిగించింది. చివరికి ఆమె కింద పడింది, చెవి ముక్క నోట్లో ఉండగానే. ఉమ్మేసింది.

"నీ పెళ్ళాం పోయిందిరా, నిజమే. నా మొగుడి చెయ్యి పోతే అది తిరిగొస్తుందా?"

జోబ్ చెవిని చేత్తో అదుముకున్నాడు. నెత్తురోడుతూ బండి కూడా వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు. ఆ గొడవంతటిలోనూ గడియారం ఆగలేదు. హల్దా మొగుణ్ణీ గడియారాన్నీ ఆ బండి మీదే ఇంటికి తెచ్చుకుంది. వైద్యుడు ఆ చేతిని రంపంతో మణికట్టు దాకా తీసేశాడు. ఈనస్ ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యమని హల్దా నెలల తరబడి పోరింది. "పన్ను వంకర పోయింది, దెబ్బ పడింది," అన్నాడు తప్ప కారణం చెప్పలేదు.

ఈనస్ ఇప్పుడు కొండ కింద బండ్ల దగ్గర దారి సుంకం వసూలు చేసే గేటుకు కాపలాదారు. జోబ్ బండి వస్తే లేచి గేటు తీస్తాడు; ఇద్దరూ మాట్లాడుకోరు. లోయిస్ గడియారం గేటు గదిలో ఉంది. వానలకు ఆగుతుంది. పళ్ళు గీకేది హల్దా.